హోప్ ఐలాండ్‌లో తాబేళ్ళ పురుటికాలం: వేట నిషేధం వచ్చేది ఆ తరువాతే!

కాకినాడ: బాలానగర్ కార్ఖానాలలో పనిచేస్తూ సంక్రాంతికి సొంత వూళ్ళకు వచ్చే గోదావరి జిల్లాలవారు పిల్లలకు చూపించాలనుకునే తావులలో హోప్ ఐలాండ్ ఒకటి. రేవులో పడవెక్కి, అటవీశాఖ అనుమతితో పగటిపూట చూసి రావచ్చు. చిక్కల్లా కాలంతోనే. సంక్రాంతి నుంచి మార్చి వరకు విహారానికి అనువైన రోజులు. సముద్రపు తాబేళ్ళు ఆ యిసుకలో గుడ్లు పెట్టేదీ అప్పుడే.

గోదావరి తెచ్చిపోసిన యిసుక సుమారు 18 కిలోమీటర్ల పొడవున మేటవేసి యీ దిబ్బ ఏర్పడింది. బంగాళాఖాతం కెరటాల దెబ్బ ముందు దీనిమీద పడుతుంది. కాకినాడ రేవులో ఓడలు నెమ్మదిగా నిలబడగలగడం దీని చలవే. వెనుక వున్న కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

తాబేలు రాత్రివేళ వొడ్డెక్కి, గుంట తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, యిసుక కప్పి వెళ్ళిపోతుంది. యాభై రోజుల చిల్లరకు పిల్లలు బయటికి వచ్చి వెలుతురు కనిపించే దిక్కుకు పాకుతాయి. వొడ్డున దీపం వుంటే అటే పోతాయి, ఆ తరువాత కాకులకు, కుక్కలకు ఆహారం. చీకటి పడకముందే పడవ తిరిగి రావాలనడం అందుకే.

అయితే తప్పంతా విహారానికి వచ్చినవారి మీద వేయడం న్యాయం కాదు. తాబేలు గాలి పీల్చే జీవి. మరపడవ ఈడ్చే వలలో చిక్కితే పైకి తేలలేక చస్తుంది. తాబేలు తప్పించుకునేలా వలలో అమర్చే చట్రం వున్నది. దానిలోంచి చేప, రొయ్య కూడా జారిపోతాయని మత్స్యకారుల ఫిర్యాదు. కాని అది వాడడం లేదన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపింది. ఆ దెబ్బ చివరికి తగిలేది పడవవాడికే.

అసలు లోపం కాలనిర్ణయంలో వున్నది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపల సంతతి కోసం పెట్టినది. అప్పటికి తాబేళ్ళు గుడ్లు పెట్టడం దాదాపు ముగుస్తుంది. ఒడిశాలో తాబేళ్ళు చేరే తీరాల దగ్గర నవంబరు నుంచి మే నెలాఖరు దాకా వేట ఆపుతున్నారు. ఇక్కడ కనీసం దీవి చుట్టూ జనవరి నుంచి మార్చి వరకైనా మరపడవలను ఆపవచ్చు. కాని ప్రభుత్వ భృతి యిప్పుడు ఆ రెండు నెలల నిషేధానికే వస్తున్నది. తక్కిన మూడు నెలలు మత్స్యకారుని యింట పొయ్యి ఎలా వెలుగుతుందో ముందు తేల్చాలి.