లీ హువా ఉత్తరాలు, మన స్పోకెన్ ఇంగ్లీషు

మా ప్రాజెక్టులో సగం టీమ్ హైదరాబాద్‌లో, సగం చైనాలోని చెంగ్డూలో ఉంటుంది. వారానికి రెండు కాల్స్. ఇటుపక్క మేం ఆరుగురం ఒకరి మాట మీద ఒకరు పడి గలగలా మాట్లాడేస్తుంటాం. అటు నుంచి "ఎస్... ఓకే... వియ్ విల్ చెక్" తప్ప ఇంకేమీ వినపడదు. కాల్ అయిపోయాక మావాళ్ళు దాని మీద జోకులేసుకోవడం మామూలే. ఆ టీమ్‌లో ఒకమ్మాయి ఉంది, నా వయసే. వాళ్ళ మేనేజర్ ఆవిడ గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ "హీ" అంటుంది. ఒకసారైతే "హీ" అని మొదలుపెట్టి అదే వాక్యాన్ని "హర్" అని ముగించింది. మ్యూట్‌లో పెట్టుకుని నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నా. అబద్ధమెందుకు.

పోయినేడాది అప్రైజల్ టైములో ఆ అమ్మాయికి నేను ఫీడ్‌బ్యాక్ ఇవ్వాల్సి వచ్చింది. కమ్యూనికేషన్ అన్న చోట 5కి 2 వేసి పంపించా. పది సెకన్లు కూడా ఆలోచించలేదు. తర్వాత తెలిసిందేంటంటే, తనని మాడ్యూల్ లీడ్ చేద్దామనుకుని ఆ అంకె చూసి ఆగిపోయారట. ఆ సీటు మా వైపు వాడికే వచ్చింది. వాడు మంచోడే, మాటకారి. అందులో అనుమానం లేదు.

ఇదంతా అయిన రెండు నెలలకి క్లయింటు నుంచి నలభై పేజీల స్పెసిఫికేషన్ వచ్చింది. మా ఆరుగురిలో దాన్ని ఆఖరిదాకా చదివినవాడు ఒక్కడూ లేడు. మొదటి మూడు పేజీలు చూసి "మిగతాది కాల్‌లో అడుగుదాం" అనుకున్నాం. చెంగ్డూ నుంచి ఆ అమ్మాయి నాలుగు లైన్ల మెయిలు పెట్టింది. 31వ పేజీలో ఒక వాక్యంలో "నాట్" ఎగిరిపోయింది, 12వ పేజీతో కలిపి చదివితే అర్థం తిరగబడుతోంది, ఏది సరైనదో క్లయింటుని అడగండి అని. క్లయింటు క్షమాపణ చెప్పుకుని కొత్త కాపీ పంపించాడు. ఆ మెయిల్లో ఒక్క తప్పు లేదు, ఒక్క అనవసరమైన మాట లేదు. మా మెయిళ్ళేమో "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్"తో మొదలై "రివర్ట్ బ్యాక్"తో ముగుస్తాయి.

సిగ్గేసి చాట్‌లో అడిగాను, ఇంత ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని. అప్పట్నుంచి ముక్కలు ముక్కలుగా చాలా చెప్పింది. అది విన్నాక చైనా పిల్లల ఇంగ్లీషు గురించి మనం అనుకునేది సగం తప్పని నాకు అనిపించింది. అదే ఈ టపా.

తనది హెనాన్ ప్రావిన్సులో ఒక చిన్న ఊరు. చైనాలో 2001లో వచ్చిన నిర్ణయంతో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు పెట్టడం మొదలైంది. తనూ మూడో తరగతిలోనే మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాట్లాడే మనిషిని ఎదురుగా చూసింది మాత్రం యూనివర్సిటీకి వెళ్ళాకే. ఈ రెంటికీ మధ్య ఉన్నదంతా పుస్తకం, టీచరు, గావ్‌కావ్.

గావ్‌కావ్ అంటే వాళ్ళ ఇంటర్ తర్వాతి ప్రవేశ పరీక్ష. ఏటా జూన్ 7న మొదలవుతుంది. చాలా చోట్ల మొత్తం 750 మార్కులు. అందులో చైనీసుకి 150, లెక్కలకి 150, ఇంగ్లీషుకి 150. అంటే లెక్కలెంతో ఇంగ్లీషూ అంతే. మన ఎంసెట్ గుర్తు చేసుకోండి. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లీషు సున్నా. నేను పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్లో ఇంగ్లీషుకి మా కాలేజీ వాళ్ళు కేటాయించింది పరీక్షకి ముందు పది రోజులు, ఒక గైడు. నాలుగేళ్ళ తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూలో మాత్రం అడిగిన మొదటి మాట "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేని ఇంగ్లీషు ఆ ఒక్క పూటలో ప్రాణాల మీదికొచ్చింది. మనవాళ్ళెంతమంది ఆ పూట కోసం అమీర్‌పేటలో చెప్పులరగదీశారో నేను వేరే చెప్పక్కర్లేదు.

మళ్ళీ చైనాకొద్దాం. తెల్లవారి క్లాసులు మొదలుకాకముందే "చదువు పీరియడు" ఉంటుందట. క్లాసంతా ఒకేసారి గొంతెత్తి పాఠాలు, పదాల పట్టికలు చదువుతారు. పక్కవాడిది వినపడకుండా మనది మనం చదవాలి. హైస్కూలు అయ్యేసరికి సుమారు 3500 పదాలు రావాలని వాళ్ళ లెక్క. పదాల పుస్తకాలు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి చాలా పుస్తకాల్లో చెప్పుకోదగ్గ మొదటి పదం "అబాండన్". అంటే వదిలెయ్యడం. చైనాలో ఇదో పెద్ద జోకు. పుస్తకం కొన్న ప్రతివాడూ ఆ పదం నేర్చుకుంటాడు, నేర్చుకుని దాని మాట వింటాడు :) ఇప్పుడు బైత్సిజాన్ లాంటి యాప్‌లు వచ్చి, మనం మర్చిపోయే సమయానికి ఆ పదాన్ని మళ్ళీ ముందుకు తెస్తున్నాయి.

గ్రామర్ దగ్గరే వాళ్ళకి అసలు కష్టం. చైనీసులో క్రియ మారదు. నిన్నయినా రేపయినా, నేనయినా వాడయినా "వెళ్ళు" అన్నది అదే మాట. ఎప్పుడన్నది పక్కనున్న పదాలు చెబుతాయి. మనకి వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్తుంది అని పుట్టినప్పట్నుంచీ మార్చడం అలవాటు కాబట్టి టెన్సు అనే ఊహ కొత్త కాదు. వాళ్ళు దాన్ని పునాది నుంచి కట్టుకోవాలి. ఇక నేను నవ్విన ఆ "హీ". చైనీసులో అతనన్నా ఆమె అన్నా పలికేది ఒకటే, "థా". రాసేటప్పుడే అక్షరం వేరు, ఆ తేడా కూడా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది. అందుకే కాగితం మీద ఎప్పుడూ తప్పు పోని అమ్మాయి నోటితో తప్పు పోతుంది. తెలియక కాదు, మాట్లాడే వేగంలో మెదడుకి ఆ తేడా అందక. మనం "ద" ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానెయ్యాలో తెలియక ఎలా కొట్టుకుంటామో ఇదీ అంతే (ఈ "ద" వాళ్ళకీ లేదు, మనకీ లేదు, అక్కడ ఇద్దరం బంధువులం). ఇంకోటి, చైనీసులో "అయినప్పటికీ" అని మొదలుపెడితే "కానీ" అని కూడా అనాలి. ఇంగ్లీషులో రెండూ పెడితే తప్పు. "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వియ్ వెంట్" అని మా టీమ్ లీడే రాస్తాడు. ఆ తప్పుకి అక్కడ మార్కులు పోతాయి, ఇక్కడ ఎవరూ చూడరు.

తను 2015లో రాసిన పేపర్లో 10 మార్కుల ప్రశ్న ఒకటుండేది. ఒక చిన్న పేరా ఇస్తారు. అందులో పది తప్పులు. ఒక్కో తప్పూ ఒక్క పదం. ఒక పదం చేర్చాలి, కొట్టెయ్యాలి, లేదా మార్చాలి. అంతకుమించి ముట్టుకోకూడదు. చెప్పండి, ఇది కోడ్ రివ్యూ కాక మరేంటి? మూడేళ్ళు వారం వారం ఆ పని చేసిన మనిషికి 31వ పేజీలో ఎగిరిపోయిన "నాట్" కనపడకుండా ఉంటుందా? తప్పు పోయిన ప్రతి ప్రశ్ననీ ఒక ప్రత్యేకమైన నోటుబుక్కులోకి ఎక్కించి, ఎందుకు తప్పయిందో పక్కన రాసుకోవాలి. తనది ఇంకా ఇంట్లో ఉందట. మనం బగ్ ట్రాకర్‌లో "రూట్ కాజ్" అన్న గడి ఖాళీగా వదిలేసి టికెట్ క్లోజ్ చేసే బాపతు.

ఖాళీలు పూరించే ప్రశ్న ఇంకా గట్టిది. ఒక కథ ఇచ్చి మధ్యలో పదాలు తీసేస్తారు. ఒక్కో ఖాళీకీ నాలుగు ఆప్షన్లు. చాలాసార్లు నాలుగూ గ్రామర్ ప్రకారం సరిపోతాయి. ఆ మనిషికి అప్పుడు కోపమొచ్చిందా, జాలేసిందా అన్నది కథ పట్టుకుంటేనే తెలుస్తుంది. దీన్ని బట్టీ అని కొట్టిపారేస్తే నేనొప్పుకోను.

మరి ఎక్కడ చెడింది? వాళ్ళే దీన్ని "మూగ ఇంగ్లీషు" అంటారు. చదవగలరు, రాయగలరు, నోరు పెగలదు. చాలా ప్రావిన్సుల్లో మాట్లాడే పరీక్ష మార్కులు మొత్తంలో కలవవు. హెనాన్‌లో చాలా ఏళ్ళు లిజనింగ్ మార్కులు కూడా కలిపేవారు కాదు. మార్కు లేని చోట ఏ టీచరు మాత్రం టైము పెడుతుంది? ఈ మూగతనం పోగొడతానని లీ యాంగ్ అనే ఆయన "క్రేజీ ఇంగ్లీష్" పేరుతో 1990ల్లో మైదానాల నిండా జనాన్ని పోగేసి అరిపించాడు. అరుపు కూడా ఒకరకం బట్టీయే. అవతల వినేవాడు లేడు.

నాకు మాత్రం మాట్లాడలేకపోవడం కన్నా పెద్ద నష్టం ఇంకోటి కనపడింది. రీడింగ్ అంటే వాళ్ళకి నేర్పిన పద్ధతి: ముందు ప్రశ్న చదువు, అందులో ముఖ్యమైన పదం పట్టుకో, పాసేజ్‌లో దాన్ని వెతుకు, చుట్టూ రెండు లైన్లు చదివి ఆప్షన్ పెట్టు, పద తర్వాతదానికి. "కొన్ని వందల పాసేజ్‌లు చేశాను, చాలావాటి చివర ఏమైందో నాకు తెలియదు" అని తను రాసినప్పుడు కాసేపు ఏం టైపు చెయ్యాలో తోచలేదు. ఆరేళ్ళు రోజూ ఒక భాషలో చదివి, ఒక్క కథ కూడా కథ కోసం చదవకపోవడం! 2016 అక్టోబరులో జజియాంగ్ ప్రావిన్సు పరీక్షలో కొత్త ప్రశ్న పెట్టారు. కథ సగం ఇచ్చి, తర్వాతి రెండు పేరాలకి మొదటి వాక్యాలు మాత్రం ఇచ్చి, మిగతాది నువ్వే రాయమంటారు. సుమారు 150 పదాలు, 25 మార్కులు. తర్వాత చాలా ప్రావిన్సులకి ఇది పాకింది, తప్పులు దిద్దే ప్రశ్న తప్పుకుంది. ఇది రాయాలంటే కథ ఆఖరిదాకా చదవక తప్పదు కదా. దానికీ రెడీమేడ్ వాక్యాలు బట్టీ కొట్టేవాళ్ళుంటారనుకోండి, పరీక్ష అన్నాక అది తప్పదు.

ఇక లీ హువా. వ్యాసం ప్రశ్న చాలాసార్లు "నువ్వు లీ హువా అనుకో" అని మొదలవుతుంది. లీ హువా ఒక చైనా స్టూడెంటు. ఇంగ్లీషు దేశంలో ఉన్న స్నేహితుడికి ఉత్తరం రాయాలి. మా ఊరి పండక్కి రా, నీకు చైనీసు ఎలా నేర్చుకోవాలో చెబుతా, నిన్న రాలేకపోయాను ఏమనుకోకు. సుమారు వంద పదాలు. పేపర్లు స్కాన్ చేసి కంప్యూటర్ మీద దిద్దుతారు కాబట్టి అచ్చేసినట్టు గుండ్రంగా రాయడం ప్రాక్టీసు చేస్తారు. హెబెయ్‌లోని ఒక స్కూలు పేరు మీద హంగ్‌షుయ్ స్టైలు అని దానికి పేరు కూడా ఉంది. కోట్లమంది పిల్లలు ఏళ్ళ తరబడి లీ హువా పేరుతో అంత అందంగా ఉత్తరాలు రాశారు. ఆ స్నేహితుడి నుంచి ఒక్క జవాబూ రాలేదు. రాదు కూడా.

2021 జూలైలో అక్కడి ప్రభుత్వం స్కూలు సబ్జెక్టులకి లాభం కోసం ట్యూషన్లు చెప్పడం మీద దెబ్బ కొట్టింది. 1993లో యూ మిన్‌హాంగ్ పెట్టిన న్యూ ఓరియంటల్ అనే పెద్ద ట్యూషన్ కంపెనీ ఆన్‌లైన్‌లో బియ్యం, కూరగాయలు అమ్ముకోవడానికి దిగింది. 2022 జూన్‌లో అక్కడి పాత ఇంగ్లీషు టీచరు డాంగ్ యూహుయ్ చిన్న బోర్డు పట్టుకుని, అమ్ముతున్న సరుకుల పేర్లు ఇంగ్లీషులో రాస్తూ, మధ్యలో కబుర్లు చెబుతూ లైవ్‌లో అమ్మితే జనం విరగబడ్డారు. మా అమ్మాయి కూడా బియ్యం కొన్నదట. బియ్యం కోసం కాదు, పరీక్ష లేకుండా ఒకడు ఇంగ్లీషు గురించి కబుర్లు చెబుతుంటే వినడం బాగుందని.

నేను అప్రైజల్ అంకె మార్చమని మెయిలు పెట్టాను. సైకిల్ క్లోజ్ అయింది, వచ్చే ఏడాది చూద్దామన్నారు. చేతిలో ఉన్నది కాల్ ఒక్కటే కాబట్టి అందులో ఒక మార్పు చేశాం. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, అందరూ డాక్యుమెంట్‌లో తమ అభిప్రాయం రాస్తారు, తర్వాతే చర్చ. మొదటి వారం చెంగ్డూ వైపు నుంచి పద్దెనిమిది కామెంట్లు వచ్చాయి. మా వైపు నుంచి మూడు. వాటిలో ఒకటి "అగ్రీడ్". మాకు పది నిమిషాలు నోరు మూసుకుని కూచోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మొన్న నా కామెంటు ఒకదాని కింద తను ఒక ప్రశ్న పెట్టింది. "ఇన్ ద మార్నింగ్" అని రాశావు, "ఎట్ నైట్" అని రాశావు, రెండూ కరెక్టే, రూలు నాకు తెలుసు, కానీ నీకు ఎలా తెలుసు అని. నాకు రూలేదీ తెలియదు, హైదరాబాద్ వచ్చాక ఆఫీసుల్లో, సినిమాల్లో విని విని అలా వచ్చేసిందని రాశా. "మా ఊళ్ళో వినడానికి ఎవరూ లేరు, అందుకే రూలు నేర్చుకున్నా" అని రాసింది. రెండు రోజులైంది, ఆ థ్రెడ్ అక్కడే ఆగింది. ఇవాళ జవాబు రాయాలి.