ముత్యాల పేజీలు తిప్పేస్తే ఇంకేం చదివినట్టు?

ఎలిజబెత్ లోవెల్ నవల 'పెర్ల్ కోవ్' మీద, ఆ కోవకు చెందిన మిగతా నవలల మీద పాఠకులు చెప్పే అభిప్రాయాల్లో ఒక ఫిర్యాదు మాటిమాటికీ ఎదురవుతుంది. ప్రేమకథ బాగుందట, హంతకుడెవరన్న ఉత్కంఠ కూడా ఫరవాలేదట, కానీ రత్నాల గురించి చెప్పింది మరీ ఎక్కువైందట. ఆ పేజీలు తిప్పేశామని కొందరు దర్జాగా చెప్పుకుంటారు కూడా. తిప్పేశాక మూడో నాలుగో నక్షత్రాలు పడేసి వెళ్ళిపోతారు. ముత్యాల వ్యాపారం మీద రాసిన నవల్లో ముత్యాలు ఎక్కువయ్యాయట! చేపల పులుసు వడ్డిస్తే చేప వాసన వస్తోందని ముక్కు చిట్లించినట్టుంది.

నా గొడవ ఈ అభిప్రాయంతోనే. నవల గొప్పదని వాదించడానికి నేను కూర్చోలేదు. దీంట్లో లోపాలున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ పాఠకులు పొగిడేదీ తిట్టేదీ రెండూ తప్పు చోటే పడుతున్నాయి.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1999లో వచ్చిన ఈ నవల డోనొవన్ అనే రత్నాల వ్యాపారి కుటుంబం మీద వచ్చిన నాలుగు నవలల్లో మూడోది. మిగతావి అంబర్, జేడ్, కెంపు చుట్టూ తిరుగుతాయి. రచయిత్రి అసలు పేరు ఆన్ మాక్స్‌వెల్. మొదట్లో సైన్స్ ఫిక్షన్ రాసింది, తర్వాత భర్తతో కలిసి క్రైమ్ నవలలు రాసింది. అందుకే కాబోలు, ఒక పని ఎలా జరుగుతుందో చెప్పడమంటే ఆవిడకి సరదా. కథ పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో జరుగుతుంది. తుఫానులో ఒక ముత్యాల ఫారమ్ నాశనమవుతుంది. దాని యజమాని లెన్ చనిపోయాడు, కానీ చంపింది తుఫాను కాదు. ఇంద్రధనుస్సు రంగులు పలికే నల్లముత్యాల మూడు పేటల హారం మాయమైంది. లెన్ భార్య హనా, ఆ వ్యాపారంలో భాగస్వామి అయిన ఆర్చర్ డోనొవన్‌ని పిలిపిస్తుంది. అక్కణ్ణించి వేట, ప్రమాదం, ప్రేమ.

ఇప్పుడు ముత్యాల పేజీలు తిప్పేసి చూడండి. ఏం మిగిలింది? ఒక నగ పోయింది, ఒక మనిషి చచ్చాడు, ఒక అందగాడు వచ్చాడు. అంతే. ఇలాంటి కథలు కిలోల లెక్కన దొరుకుతాయి.

ఆ హారం పోవడం ఎందుకంత పెద్ద సంగతో తెలియాలంటే ముత్యం సంగతి తెలియాలి. స్వాతి చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. పెంపకం ముత్యానికి చినుకుతో పనిలేదు. బతికున్న ఆల్చిప్పని కొద్దిగా తెరిచి, లోపల కోత పెట్టి, ఒక చిన్న పూసనీ, ఇంకో ఆల్చిప్ప నుంచి కోసిన చిన్న కండముక్కనీ పెడతారు. ఆ పూసని చాలాకాలంగా అమెరికాలోని మిసిసిపీ నది, దాని ఉపనదుల్లో దొరికే చిప్పల నుంచి చేస్తున్నారు. తర్వాత ఆ ఆల్చిప్పని మళ్ళీ సముద్రంలో పెట్టి, శుభ్రం చేస్తూ, సుమారు రెండేళ్ళు చూడాలి. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని పూసని బయటికి కక్కేస్తాయి. బతికినవాటిలోనూ గుండ్రంగా, మచ్చ లేకుండా, నిగ్గుతో వచ్చేవి కొన్నే.

ఇంకొక మెలిక ఉంది. బ్రూమ్ తీరంలో పెంచే పెద్ద ఆల్చిప్ప జాతి తెల్లముత్యాలకీ బంగారు రంగు ముత్యాలకీ పేరు పడింది. నల్లముత్యాలకి పేరు తహితీ వైపు పెరిగే వేరే జాతిది. అంటే ఆస్ట్రేలియా ఫారమ్‌లో ఎవరూ చూడని నల్లముత్యాలు పుట్టాయంటే, ఎవరి దగ్గరో ఒక రహస్యం ఉన్నట్టు. ఆ రహస్యం కోసం ప్రభుత్వాలూ పెద్ద వ్యాపారులూ కూడా కదలొచ్చు. సస్పెన్స్ పుట్టేదే అక్కడ.

హారం సంగతి ఇంకా కష్టం. ఒక ముత్యం దొరకడం వేరు, దానికి జత దొరకడం వేరు. రంగు, నిగ్గు, ఆకారం, పరిమాణం అన్నీ కలిసేదాకా ఒక పేట కోసం సంవత్సరాల తరబడి ముత్యాలు పోగేసి ఏరుకుంటారు. బంగారం పోతే కరిగించి ఇంకో గొలుసు చేయిస్తాం. మూడు పేటల జత పోతే పోయింది డబ్బు ఒక్కటే కాదు, ఎవరి కళ్ళో ఏళ్ళ తరబడి చేసిన పని. ఇది చదవకుండా దాటేసినవాళ్ళు, ఒక నగ కోసం ఇంతమంది చంపుకోవడం నమ్మేలా లేదంటే ఏం చెప్పాలి? నమ్మకం కలిగించే పేజీలే కదా వాళ్ళు తిప్పేసింది!

అసలు విషయం ఇంకొకటుంది. రొమాన్సునీ రత్నాల వ్యాపారాన్నీ ఒకే నవల్లో పెట్టడం యాదృచ్ఛికం కాదు. రెండింటిలోనూ ఉండే ప్రశ్న ఒకటే: లోపలేముందో చూడకుండా ఎదుటివాణ్ణి ఎంతవరకు నమ్మొచ్చు?

హైదరాబాదు వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనడానికి వెళ్తే ఎవరో ఒకరు పంటికి రాసి చూడమంటారు. గరగరలాడితే అసలుది, నున్నగా జారితే నకిలీది. బానే ఉంది, కానీ పంటికి తెలిసేది అంతవరకే. సముద్రంలో తనంతట తాను పుట్టిందా, ఫారమ్‌లో పెంచిందా అన్నది పన్ను చెప్పలేదు, దానికి ఎక్స్‌రే కావాలి. నలుపు పుట్టుకతో వచ్చిందా, వెండి లవణాలతో వచ్చిందా అన్నదీ పన్ను చెప్పలేదు. తొందరపడి తీసిన ముత్యం మీద పొర పల్చగా ఉంటుంది. కొన్న రోజు మెరుస్తుంది, కొన్నేళ్ళు వాడాక కదా బండారం బయటపడేది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోవడం మీదే ఈ వ్యాపారంలో సగం నడుస్తుంది.

మన చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1891లో సిమ్లా రత్నాల వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఒక పెద్ద వజ్రం అమ్మజూపాడు. లక్షల రూపాయలు ముందే చేతులు మారాయి. తర్వాత బేరం బెడిసికొట్టి వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, కానీ వ్యాపారం దెబ్బతింది. వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు భారత ప్రభుత్వం దగ్గరుంది. రాయిలో ఏ లోపమూ లేదు. చెడింది మనుషుల మధ్య నమ్మకం.

ఇది మనసులో పెట్టుకుని హనా, ఆర్చర్‌ల ప్రేమకథ చదవండి. భర్త ఎలాంటివాడో పెళ్ళయ్యాక తెలుసుకున్న మనిషి ఆమె. ఇప్పుడు ఇంకొకణ్ణి నమ్మాలి. అతను భాగస్వామి, డబ్బున్నవాడు, తనకన్నా అన్నీ ఎక్కువ తెలిసినవాడు. ముత్యాన్ని ఎలా పరీక్షిస్తారో చెప్పే పేజీలు ఆమె పరిస్థితి గురించి కూడా చెబుతున్నాయి. వాటిని దాటేసి ప్రేమ సన్నివేశాలు మాత్రం ఏరుకుంటే, ఆ ప్రేమలో భయం ఎందుకుందో అర్థం కాదు.

రెండో రకం అభిప్రాయం ఆర్చర్ గురించి. సగంమంది అతను పెత్తనం చేస్తాడని విసుక్కుంటారు, సగంమంది ఆ పెత్తనానికే పడిపోతారు. నేను విసుక్కునేవాళ్ళ వైపే. కాకపోతే వాళ్ళు సగం దారిలో ఆగిపోయారు. గొంతు పెంచాడా, చెయ్యి పట్టుకున్నాడా అని లెక్కేస్తారు గానీ, ఫారమ్‌లో వాటా ఎవరిది, చేతిలో నగదు ఎవరికుంది, ఊరు దాటడానికి టికెట్ ఎవరు కొన్నారు అని అడగరు. తుఫానులో జీవనాధారం పోయిన మనిషీ, ఆ వ్యాపారంలో భాగం ఉన్న కోటీశ్వరుడూ ఎదురెదురుగా నిలబడితే అక్కడ ఉన్నది ఆకర్షణ ఒక్కటే కాదు. అతని స్వభావం మారిస్తే చాలదు, ఆ లెక్క మారాలి. ఈ తరహా నవలలు హీరో సంపదని అతని గుణం కింద చూపించేస్తాయి. ఆపద వస్తే విమానం తెప్పించగలడు కాబట్టి మంచివాడు! ఈ మాట నిలదీసిన అభిప్రాయం నాకు కనబడలేదు.

ఇక ఎవరూ ఎత్తని మూడో సంగతి. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. బ్రూమ్ అంటే నీలి సముద్రం, ఎర్రమట్టి, తుఫాను అని పాఠకులు మురిసిపోతారు. కళ్ళకి కట్టినట్టుందంటారు. ఆ ఊళ్ళో జపనీయుల శ్మశానం ఉంది, 900కి పైగా మనుషులు అక్కడ పడుకుని ఉన్నారు. ముత్యపు చిప్పల కోసం సముద్రం అడుక్కి దిగి, పైకొచ్చేటప్పుడు ఒత్తిడి తేడాకి ఒళ్ళు మెలితిరిగి పోయినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. 1935లో ఒక్క తుఫాను ఆ తీరంలో వందమందికి పైగా ముత్యాల పడవల మనుషుల్ని మింగేసింది. వాళ్ళకన్నా ముందు అక్కడి ఆదివాసుల్ని బలవంతంగా లాక్కొచ్చి నీళ్ళలోకి దింపారు, ఆడవాళ్ళతో సహా. అప్పుడు వేట ముత్యాల కోసం కన్నా చిప్పల కోసమే ఎక్కువ. యూరప్, అమెరికా చొక్కాలకి బొత్తాలు కావాలి మరి. ప్లాస్టిక్ బొత్తాలొచ్చి ఆ గిరాకీ పడిపోతున్న రోజుల్లో, 1956లో కురీ బేలో జపాన్ నిపుణులతో ముత్యాల పెంపకం మొదలైంది. ఆల్చిప్పలో పూస పెట్టే విద్యని వాళ్ళు చాలాకాలం బయటివాళ్ళకి చెప్పలేదు.

అంటే ఈ నవల్లోని రహస్యం, దొంగతనం, తుఫాను అన్నిటికీ వెనక నిజమైన చరిత్ర ఉంది. రచయిత్రికి ముత్యం గురించి ఎంతో తెలుసు. కానీ కథ బరువంతా యజమానులు, కొనుగోలుదార్లు, ఏజెంట్ల మీదే పడింది. నీళ్ళలో దిగే చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. నా దృష్టిలో నవల అసలు లోపం ఇది. ముత్యాల గురించి ఎక్కువ చెప్పడం కాదు తప్పు. ముత్యం గురించి అంత చెప్పి, దాన్ని పైకి తెచ్చినవాడి గురించి అంత తక్కువ చెప్పడం తప్పు. తిప్పేసిన పేజీల్లో ఏం లేదో తిప్పేసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

దీనికి వచ్చే సమాధానం నాకు తెలుసు. ఆఫీసులో నలిగి ఇంటికొచ్చి కాలక్షేపానికి చదువుకునే పుస్తకమండీ, దీనికింత రాద్ధాంతమా అంటారు. నేనూ ఆఫీసులో నలిగేవాణ్ణే. కాలక్షేపానికి చదవడంలో తప్పేం లేదు. కానీ కాలక్షేపం అని ఒక పక్క అంటూ, పది వాక్యాలు రాసి, నక్షత్రాలిచ్చి, ఇంకొకళ్ళు కొనాలో వద్దో చెబుతున్నారు కదా. అప్పుడది తీర్పు అయింది. మా వృత్తిలో ఇంకొకరి కోడ్ పరిశీలించేటప్పుడు ముఖ్యమైన ఫైలు తెరవకుండా 'బాగుంది' అని ఆమోదించేవాళ్ళుంటారు. అర్ధరాత్రి సర్వర్ కూలినప్పుడు ఆ ఆమోదం విలువెంతో అందరికీ తెలుస్తుంది. పుస్తకం విషయంలో ఏదీ కూలదు, అందుకే అలవాటు ముదిరిపోతోంది.

పైగా మన పాఠకులకి ఇది కొత్తేం కాదు. వీక్లీ సీరియళ్ళ కాలంలో తెలుగు పాఠకులు ఆ సమాచారం కోసం కూడా చదివారు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో హీరో చదరంగం ఆటగాడు. ఆ చదరంగం తీసేసి అది ఉత్త ప్రేమకథ అనండి, ఎవరైనా ఒప్పుకుంటారా? ఆ నవలల్ని సాహిత్యమే కాదని తోసేసిన పండితులు ఒకవైపు, అవి చదివి పెరిగి కూడా ఇప్పుడు సమాచారం అడ్డొస్తోందనే మనం ఇంకోవైపు. ఇద్దరూ ఒకటే అంటున్నారు: ఈ రకం పుస్తకంలో ఆలోచించాల్సిందేమీ లేదని. పండితుడంటే నాకు కోపం రాదు, అతను ఎలాగూ చదవలేదు. చదివిన మనం అంటే వస్తుంది.

రొమాంటిక్ సస్పెన్స్‌కి కావలసింది జాలి చూపులు కాదు, గట్టి ప్రశ్నలు. వ్యాపారం గురించి చెప్పింది నిజమేనా? ఆ నిజం ప్రేమకథని కదిలించిందా, పక్కన ఊరికే నిలబడిందా? ఎవరి చెమటకి ఎవరు ధర కట్టారు? ఇవి అడిగాక ఒక్క నక్షత్రమే ఇచ్చినా నాకు పేచీ లేదు. ఈ నవలకి నేనిచ్చే మార్కులు కూడా సగానికి కాస్త పైన, అంతే. ఆ సగం మాత్రం మీరు తిప్పేసిన పేజీలకే.