మెండోజా కార్డు ఎందుకంత ఘోరం?

స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అని ఒక అమెరికన్ టేబుల్ గేమ్ ఉంది. హాల్ రిచ్‌మన్ అనే ఆయన 1961లో అమ్మకానికి పెట్టిన బేస్‌బాల్ ఆట. ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో కార్డు. ఆ సీజన్‌లో అతను నిజంగా ఎలా ఆడాడో లెక్కగట్టి కార్డు మీద అచ్చేస్తారు. మూడు పాచికలు వేసి, ఫలితం కార్డులో చూసుకోవడమే.

స్టార్ల కార్డుల సంగతి అందరూ చెప్తారు. నాకు మాత్రం చెత్త కార్డులంటేనే ఇంట్రెస్ట్. మెక్సికో నుంచి వచ్చిన మారియో మెండోజానే తీసుకోండి. 1979లో సియాటిల్ మెరైనర్స్ తరఫున లెక్కలోకొచ్చిన 373 ఛాన్సుల్లో 74 హిట్లు కొట్టాడు. యావరేజ్ .198. (మన క్రికెట్ యావరేజ్‌లా పరుగుల లెక్క కాదు, వెయ్యి ఛాన్సుల్లో 198 హిట్లు అని.) అదే ఏడాది ఆ లీగ్ మొత్తం సగటు .270.

ఇక్కడే ఉంది తిరకాసు. ఒక పాచిక మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి. 4, 5, 6 పడితే బంతి వేసే పిచ్చర్ కార్డు. అంటే సగం ఆట మెండోజా చేతిలో లేనే లేదు. ఎదురుగా మామూలు పిచ్చర్ ఉంటే ఆ సగంలో .270 దగ్గర హిట్లు వాటంతటవే వచ్చేస్తాయి. మరి మొత్తం .198కి దిగాలంటే? అతని సొంత కార్డు .126 దగ్గరికి పడిపోవాలి. రఫ్ లెక్కే, కానీ విషయం అదే. మనిషి కన్నా కార్డు ఇంకా ఘోరం! స్టార్లకి ఇదే రివర్స్‌లో పనిచేస్తుంది. (మా ఐటీ అప్రైజళ్లలోనూ సగం పాచికలు మేనేజర్ కార్డు మీదే పడతాయి. ఆ గోల ఇంకోసారి.)

ఇంకో లెక్క. .198కీ .270కీ తేడా ఆ సీజన్‌లో 27 హిట్లు. సీజన్ దాదాపు 26 వారాలు. వారానికి ఒక్క హిట్ అటూ ఇటూ, అంతే.

అయినా పేరు పడిపోయింది. .200 గీతని అమెరికాలో ఇప్పటికీ ‘మెండోజా లైన్’ అంటారు. తమాషా ఏంటంటే, అతని కెరీర్ యావరేజ్ .215, అంటే ఆ గీతకి పైనే. మెక్సికో వాళ్లయితే తమ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

అంత తక్కువ కొట్టినా 1979లో 148 మ్యాచ్‌లు ఎందుకాడించారు? ఫీల్డింగ్ కోసం. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ అతను. కార్డు మీద ఫీల్డింగ్‌కి వేరే అంకె ఉంటుంది, 1 బెస్ట్, 5 వరస్ట్. చెత్త బ్యాటర్ అని కార్డు పక్కన పడేసే ముందు ఆ అంకె చూడండి. ఒక్క పరుగు లీడ్‌తో చివరి ఇన్నింగ్స్‌కి వెళ్తున్నప్పుడు షార్ట్‌స్టాప్‌లో నేనైతే 1 ఉన్నవాడినే పెడతా, బ్యాటింగ్ ఎంత ఘోరమైనా సరే.