సాంచాల ఊరికి సాహిత్యం, సినిమా, న్యాయం

సాంచాల (మరమగ్గాల) ఊరు సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన కవి సింగిరెడ్డి నారాయణరెడ్డి (సినారె) బడి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఆయనే ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునిక కవిత్వంపై పరిశోధనకు 1962లో డాక్టరేట్ పొందారు. ఆయన పాటలు రాసిన ‘గులేబకావళి కథ’ సినిమా అదే ఏడాది విడుదలైంది. తరగతి గది, సినిమా పాట ఒకదానికొకటి అడ్డురాలేదు. పాత కరీంనగర్ జిల్లావారే అయిన పి.వి. నరసింహారావు నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి, విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చారు.

ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు చదువుల పటం చూడండి. నాచుపల్లిలో ఇంజినీరింగ్, పొలాసలో వ్యవసాయం, కోరుట్లలో పశువైద్యం, జగిత్యాల, సిరిసిల్లల్లో వైద్య కళాశాలలు. అన్నీ కావలసినవే. మరి సినిమాకు, న్యాయానికి చోటేది?

కథలకు కొదవ లేదు. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో తీసిన ‘బలగం’ చావింట్లో పిట్టముట్టుడు (చనిపోయినవారికి పెట్టిన ముద్దను కాకి ముట్టడం) చుట్టూ నడిచి, తెలుగు ఊళ్లన్నిటినీ ఏడిపించింది. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ ఫొటో స్టూడియో నడుపుకుంటూనే కవిత్వం రాశారు. అంతటి మొండితనం ప్రతి పిల్లవాడి నుంచీ ఆశించలేం.

న్యాయానికి ఇక్కడ పని ఇంకా ఎక్కువ. చదవలేని అరబీ కాగితంపై సంతకం పెట్టి గల్ఫ్‌కు పోయే కూలీకి, కూలి రేటు కోసం కొట్లాడే సాంచాల కార్మికుడికి తన భాషలో మాట్లాడే వకీలు కావాలి.

శాతవాహన విశ్వవిద్యాలయం తెలుగు ఎం.ఏ.లో సినిమా కథారచననూ కార్మిక చట్టాన్నీ ఐచ్ఛికాలుగా పెట్టాలి. ఆ తరగతులు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కళాశాలల్లోనే నడవాలి.