చిత్రకథయు వచనకథయు

"బొమ్మలు చూచుట చదువగునా?" అను ప్రశ్న నేడు పెక్కు గృహములలో వినబడుచున్నది. పదునాలుగేండ్ల బాలిక జపాను దేశపు మాంగా పుస్తకమును, ఏ ఆంగ్లానువాదమునో, చేతబట్టి కూర్చున్నప్పుడు తల్లి "ఏదైన మంచి నవల చదువుకొనరాదా" యనును. తండ్రి "ఇంత యీడు వచ్చినను ఇంకను బొమ్మలేనా" యనును. బాలిక మాఱు పలుకక పుస్తకమును దిండు క్రింద దాచును. దాచిన పుస్తకమును గూర్చి బిడ్డ తల్లితో మాటలాడదు. అందు ఆమెను నవ్వించినదేదో, భయపెట్టినదేదో ఇంటివారికి తెలియనే తెలియదు. మా విచారమంతయు ఈ దాపఱికమును గూర్చియే.

ఒకప్పుడు నవలకును ఇట్టి గతియే పట్టినది. నవలలు చదువు స్త్రీ ఇల్లు చక్కబెట్టుకొనజాలదని పెద్దలు నిందించిన దినములు కలవు. నేడు ఆ నవలయే మంచి చదువై, బొమ్మల పుస్తకమును తూలనాడుటకు ఉపకరించుచున్నది. కావున తొందరపడి తీర్పు చెప్పక, ఈ రెండు విధములైన కథలు చదువరి నుండి ఏమి కోరునో, ఆమెకు ఏమి యిచ్చునో విచారింతము.

మన పూర్వులు కావ్యములను దృశ్యములనియు శ్రవ్యములనియు రెండుగా విభజించిరి. కన్నుల యెదుట ఆడబడునది కాన నాటకము దృశ్యము. వినదగినవి కాన తక్కినవి శ్రవ్యములు. మాంగా యనబడు జపాను చిత్రకథయు, పాశ్చాత్యులు గ్రాఫిక్ నవల యని పిలుచునదియు ఈ రెండింటిలో దేనియందును పూర్తిగా ఇమిడిపోవు. అవి కంటితో చూడవలసినవి. అయినను నాటకమువలె తమంతట తాము నడువవు. పుట త్రిప్పునది చదువరి. ఎచ్చట నిలువవలయునో, ఎచ్చట వేగిరపడవలయునో నిర్ణయించునదియు చదువరియే.

ఎఱుగని సోదరీమణుల కొఱకు దాని పద్ధతిని కొంచెము వివరింతుము. జపాను పుస్తకము మనకు వెనుక అట్టగా తోచు వైపు నుండి ప్రారంభమగును. పుట చిన్న పెద్ద గడులుగా విభజింపబడి యుండును. వానిని కుడి నుండి యెడమకు చదువవలయును. మాటలు బుడగలలో నుండును. వానచప్పుడు, మెట్లచప్పుడు మొదలగునవి అక్షరములుగా బొమ్మలోనే కలిసిపోవును. జపాను భాషలో నిశ్శబ్దమునకు సైతము 'షీన్' అను అనుకరణ శబ్దమొకటి కలదు. దానిని వ్రాసి చిత్రకారులు మౌనమును కంటికి చూపుదురు. మన ధారావాహిక నవలలవలె ఈ కథలలో పెక్కులు మొదట పత్రికలలో వెలువడి, పిమ్మట సంపుటములగును.

వీనిలో మిక్కిలి గమనింపదగినది గడికి గడికి నడుమ నుండు తెల్లని సందు. ఒక గడిలో తల్లి గుమ్మమున నిలిచి యుండును. మఱుసటి గడిలో గుమ్మము శూన్యముగా నుండును. ఆమె వెడలిపోయినదని ఎవరును చెప్పలేదు, ఎవరును గీయలేదు. ఆ సందులో ఆమెను నడిపించినది చదువరియే. చిత్రకథకు ఈ సందే ప్రాణమని అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్లౌడ్ 1993లో ప్రకటించిన గ్రంథమున విపులముగా నిరూపించెను.

వచనకథలో మనకు ఒప్పగింపబడు పని వేఱు. "ఆమె గుమ్మము దాటి వెడలిపోయెను" అని రచయిత నడకను చెప్పును. ముఖమును మనకు విడిచిపెట్టును. ఆ వాక్యమును పదిమంది చదివినచో పదిమంది తల్లులు పుట్టుదురు. కావున వచనమున రూపమును చదువరి కల్పించుకొనును. చిత్రకథయందు కాలమును, కదలికను కల్పించుకొనును. వాచ్యముగా చెప్పినదానికంటె చెప్పకయే స్ఫురింపజేసినది శ్రేష్ఠమని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున సిద్ధాంతీకరించెను గదా! ధ్వని రెండింటను కలదు. దాని తావు మాత్రము వేఱు. ఒకటి చదువు, మఱియొకటి సోమరితనము అనుట సరికాదని మా యభిప్రాయము.

సామాన్యవాక్యములతో తృప్తిపడక, ఒకే విషయమును గూర్చిన రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూతము. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయమున జపానులోని హిరోషిమా నగరముపై అణుబాంబు పడెను. ఆ దారుణమును వచనమునను, చిత్రములలోను గూడ ఆ దేశీయులు వ్రాసికొనిరి.

ఇబుసె మసుజి యను ప్రసిద్ధ రచయిత వ్రాసిన "నల్లవాన" అను నవల 1965, 1966 సంవత్సరములలో ఒక సాహిత్యపత్రికలో ధారావాహికగా వెలువడెను. మొదట దానికి ఆయన పెట్టిన పేరు "మేనకోడలి పెండ్లి". ఈ పేరే మనకు చాలవఱకు కథ చెప్పుచున్నది. హిరోషిమాకు దూరముగా నున్న ఒక పల్లెలో షిగెమత్సు, ఆయన భార్య షిగెకో, మేనకోడలు యసుకోకు సంబంధములు చూచుచుందురు. బాంబు పడిన దినమున ఆ పిల్ల నగరములోనే యున్నదనియు, రోగగ్రస్తురాలనియు పుకారు పుట్టి, వచ్చిన సంబంధమెల్ల తప్పిపోవుచుండును. ఆ పుకారు అబద్ధమని పెండ్లివారికి చూపుటకై షిగెమత్సు ఆమె దినచర్య పుస్తకమును ఎత్తివ్రాయ మొదలిడును. ఆమె ఆనాడు నగరమున లేదన్న మాట నిజమే; కాని బాంబు పడిన పిమ్మట కురిసిన నల్లవానలో ఆమె తడిసిన వృత్తాంతము ఆ పుస్తకములోనే యున్నది. దానిని ఎత్తివ్రాయవలయునా, మానవలయునా? తుదకు వ్యాధి బయటపడనే పడును. యసుకో సిగ్గుచే దానిని కొంతకాలము ఎవరికిని చెప్పక దాచికొనియుండెను.

ఇరుగుపొరుగు గుసగుసలు, కుదిరినట్లే కుదిరి జాఱిపోవు సంబంధములు, కన్నవారు కాకపోయినను కన్నవారివలె కుములు ఇద్దఱు పెద్దలు: ఆడపిల్ల గల గృహమున వీనినెవ్వరును క్రొత్తగా నేర్చుకొనవలసిన పనిలేదు. యసుకో వ్యాధి ముఖమున కనబడునది కాదు. లోలోపల దినదినము పెరుగునది. షిగెమత్సు ఎట్లు అనుమానించుచు, ఆ యనుమానమును తానే త్రోసిపుచ్చుచు నుండునో, చదువరియు అట్లే చేయుచుండును. ఆ ముఖమును గీసి చూపినచో మనము ఆ గీతలలో వ్యాధిని వెదకుదుము. గీయకుండుటచేతనే మనమును ఆ పెద్దలవలె ఏమియు ఎఱుగక, మంచి జరుగునని ఆశపడుచు పుటలు త్రిప్పుదుము. వచనమునకు చెందిన శక్తి యిది.

ఇక చిత్రకథ. 1968లో హిరోషిమాలో జన్మించిన కోనో ఫుమియో యను చిత్రకారిణి 2007 మొదలు 2009 వఱకు "ఈ లోకపు ఒక మూలలో" అను అర్థము గల పేరుతో ఒక మాంగాను వెలువరించెను. అది మూడు సంపుటములైనది. దాని నాయిక సుజు. హిరోషిమాలో పుట్టిన ఆ పిల్ల 1944లో కురె యను నౌకాదళపు రేవుపట్టణములోని యింటికి కోడలై పోవును. ఆమెకు బొమ్మలు గీయుట ప్రాణము. యుద్ధమన్న మాటకు ఆ పుస్తకమున చాలవఱకు అర్థము వంటయిల్లే: పంపిణీ బియ్యము చాలక గట్టునున్న ఆకులు కోసి తెచ్చుట, ఉన్న గింజలనే ఉబ్బునట్లు వండుట, పాత వస్త్రములను క్రొత్త విధముగా కుట్టుకొనుట. ఆ వంట యెట్లు చేసినదో గడి గడిగా చూపబడును. చదివిన యిల్లాలు తానును పొయ్యి యొద్ద నిలిచినట్లే యుండును. మాటకు కటువైన ఆడబిడ్డ కెయికో, ఆమె చిన్న కూతురు హరుమి అచ్చటనే యుందురు.

1945 జూనులో ఆలస్యముగా ప్రేలు బాంబొకటి ప్రేలి హరుమి మరణించును. ఆ పిల్ల చేతిని పట్టుకొనియున్న సుజు కుడిచేయి పోవును. బొమ్మలు గీయు చేయి అదియే. అది మొదలుకొని కోనో ఫుమియో కథలోని ఇండ్లను, కొండలను, ఆకాశమును తన యెడమచేతితో గీసెను. గీతలు వంకరపోవును; నిన్నటి వఱకు నిలువుగా నున్న గోడ తడబడును. సుజుకు లోకము వికృతమైపోయినదని రచయిత్రి వేఱుగా చెప్పవలసిన పని లేకపోయినది. ఎంతటి వచనకర్తయైనను "ఆమె యెడమచేతితో గీసెను" అని చెప్పగలడు గాని, ఆ యెడమచేతి గీతను మన కంటికి చూపలేడు. చిత్రమునకు చెందిన శక్తి యిది.

ఈ రెండు గ్రంథములను చదివినవారు ఏది ఎక్కువ యని అడుగుట మానుదురని మా నమ్మకము. అయినను బిడ్డల విషయమున ఒక భేదము మఱువదగినది కాదు. వచనములో భయంకరమైనది వచ్చినప్పుడు పసిమనస్సు తాను ఊహింపగలిగినంత మాత్రమే చూచును. తక్కినది అక్షరముగానే యుండిపోవును. చిత్రమునకు అట్టి కనికరము లేదు. చిత్రకారుడు చూచినదంతయు ఒక్కమాఱే కన్నులలో పడును. పడిన పిమ్మట పుస్తకమును మూసినను పోదు.

నకజావా కెయిజి యను చిత్రకారుడు ఆఱేండ్ల ప్రాయమున హిరోషిమాలో బడిగోడ చాటున నుండుటచే బ్రదికెను. తండ్రియు, అక్కయు, తమ్ముడును ఆనాడే మరణించిరి. 1966లో తల్లి మరణించినప్పుడు ఆమె చితాభస్మములో ఎముకలైనను మిగులకుండుట చూచి, అంతవఱకు మఱువగోరిన విషయమును గూర్చియే బొమ్మలు గీయ నిశ్చయించెను. 1973లో బాలుర వారపత్రికలో ప్రారంభమైన ఆయన మాంగా "వట్టికాళ్ల గెన్" పదిసంపుటముల గ్రంథమై పలుభాషలలోనికి పోయినది. అందలి చిత్రములు మిక్కిలి దారుణములు. 2012 డిసెంబరులో మత్సుయె నగరపు విద్యాధికారులు దానిని బడి గ్రంథాలయములలో పిల్లలకు అందకుండ లోపల నుంచవలసినదని కోరిరి; దేశమున పెద్దవివాదము చెలరేగగా 2013 ఆగస్టులో ఆ కోరికను ఉపసంహరించుకొనిరి. పసిపిల్లలు జడియుదురన్న వారిమాటయు వట్టిది కాదు. కన్నతల్లి కథ చెప్పుకొను హక్కు ఆయనకు కలదన్నవారి మాటయు వట్టిది కాదు. మఱి తల్లి యేమి చేయవలయును?

దీనికి భవభూతి ఉత్తరరామచరితములోని మొదటి అంకమే మాకు దారి చూపుచున్నది. అచ్చట లక్ష్మణుడు తమ పూర్వచరిత్రను వరుసగా చిత్రించిన పటములను సీతారాములకు చూపుచుండును. అదియు చిత్రకథయే గదా! శూర్పణఖ బొమ్మను చూడగనే, జరిగిపోయిన వియోగము మరల వచ్చిపడినట్లు సీత బెదరిపోవును. అంతటి యిల్లాలినే చిత్రము బెదరించినది. పదేండ్ల పిల్ల మాట వేఱుగ చెప్పనేల? కాని రాముడు ప్రక్కనే యుండి, ఇది చిత్రమే సుమా యని ఊఱడించెను. సీత బెదరినదని పటములను చుట్టిపెట్టలేదు. ఆమెను ఒంటరిగా వానియెదుట విడిచిపెట్టనును లేదు.

మన తెలంగాణములోని చేర్యాల నకాషీ పటముల సంప్రదాయమును ఇట్టిదే. కులపురాణములను చిత్రించిన ఆ పొడవైన పటమును కథకుడు కొంచెము కొంచెముగా విప్పుచు, బొమ్మను చూపుచు, కథ చెప్పుచుండును. బొమ్మ ప్రక్కన మాట యుండెను. చూచువాని ప్రక్కన చెప్పువాడుండెను. నేటి బాలిక చేతిలోని బొమ్మలపుస్తకమునకు లోపించినది ఆ ప్రక్కనుండు మనిషియే.

కావున సోదరీమణులకు మా మనవి యిది. జపానులో మాంగాలు బాలురకు, బాలికలకు, వయసువచ్చినవారికి వేఱువేఱు పత్రికలలో వెలువడును. బొమ్మలున్నవి గదా యని అన్నియు పసివారివని తలపరాదు. బిడ్డకు ఇచ్చుటకు ముందు తల్లి తాను చదువవలయును. కుడినుండి యెడమకు చదువుట మనకు అలవాటు లేనిచో బిడ్డనే నేర్పుమని అడుగవలయును. నేర్పుటకు ఇష్టపడని పిల్లను మేము చూడలేదు. చదువునప్పుడు "ఈ గడికిని ఆ గడికిని నడుమ ఏమి జరిగియుండును?" అని ప్రశ్నింపవలయును. ఆ పిల్ల చెప్పు సమాధానము వినినచో అది చదువగునో కాదో తల్లికే తెలియును.

అంతటితో ఆగక వచనకథనును తప్పక చేతికీయవలయును. సుజును చూచిన పిల్ల కొన్నియేండ్లకు యసుకోను గూర్చి చదువవలయును. కనబడని బాధ ఒకటి కలదనియు, ముఖమున చిహ్నమేమియు లేని మనిషి లోపల క్రుంగిపోవుచుండవచ్చుననియు ఆమెకు నేర్పునది వచనమే. రేపు ఆమె కాపురమునకు పోవు ఇంటిలో అట్టివారు లేకపోరు. అంతవఱకు దిండు క్రింది పుస్తకమును వెలుపలికి తీయించి, దీపము క్రిందనే, అందఱి యెదుటనే చదువుకొననిండు.