నిద్రించు శిశువును చూడరాదా?

నడివేసవి మధ్యాహ్నమున వాకిలి తలుపు ఓరగా వేసి, దూలమునకు కట్టిన చీర ఉయ్యాలలో నాలుగు నెలల పసికందును పండుకొనబెట్టి, ఆ చీర అంచు కొంచెము తొలగించి, బిడ్డ పెదవుల చివర మెరసి మాయమగుచున్న నవ్వును రెప్పవాల్చక చూచుచున్న చిన్నతల్లిని, వంటయింటి గడపనుండి అమ్మమ్మగారు “ఏమే అమ్మాయీ, నిద్రపోయే బిడ్డను అలా కళ్లప్పగించి చూడకే! కన్నతల్లి దిష్టి మరీ చెడ్డది” అని మందలించుట నేను బాల్యమునుండి ఎన్ని యిండ్లలో వింటినో లెక్కలేదు. ఆ మాట చెవిని పడినంతనే ఆ తల్లి తప్పుచేసినదానివలె సిగ్గుపడి, చీర అంచు మూసి, పక్కకు తొలగిపోవును. మందలించిన వృద్ధురాలి హృదయమున ఉన్నది ప్రేమయే. మందలింపు పడిన యువతి హృదయమున ఉన్నదియు ప్రేమయే. ఐనను ఆ రెండు ప్రేమల నడుమ ఒక భయము చొరబడి, బిడ్డకు మిక్కిలి మేలుచేయగల పనిని, అనగా చూచుటను, నేరముగా మార్చివేసినది. నేనిచట విచారింపదలచినది ఆ భయమునే.

శిశునిద్రను గూర్చి మన యిండ్లలో వాడుకలోనున్న నిషేధములు ఒకటి రెండు కావు. నిద్రించు బిడ్డను ముద్దాడరాదు. దాటరాదు, దాటినచో ఎదుగుదల నిలిచిపోవును. ఖాళీ ఉయ్యాలను ఊపరాదు, ఊపినచో బిడ్డకు కడుపునొప్పి వచ్చును. చీకటి పడిన పిదప పసివాని గుడ్డలను ఆరుబయట ఉంచరాదు, వానిమీదుగా పక్షి యెగిరినచో పక్షిదోషము తగులును. పడక క్రింద ఇనుపముక్క యుండవలెను. బిడ్డ పగలు ఎక్కువ నిద్రించినచో మొద్దగునందురు. తక్కువ నిద్రించినచో దిష్టి యందురు. నిద్రలో ఉలికిపడినచో గాలి సోకినదందురు. నవ్వినచో దేవుడు ఆడించుచున్నాడందురు. బిడ్డ ఎట్లు నిద్రించినను దానికొక కారణము ముందే సిద్ధముగా నుండుట ఇందు గమనింపదగిన విషయము. ఉప్పును ఎండుమిరపకాయలను తిప్పి నిప్పులో వేసిన పిమ్మట బిడ్డ నిద్రించినచో దిష్టి పోయినదనియు, నిద్రింపనిచో అది మొండి దిష్టి యనియు చెప్పు వాదమునకు ఓడిపోవు మార్గమే లేదు. ఏది జరిగినను చెల్లునట్టి సమాధానము, జరిగినదానిని గూర్చి మనకు ఏమియు చెప్పనట్టిదే.

ఈ భయమునకు చరిత్ర కలదు. సుశ్రుతసంహితయొక్క ఉత్తరతంత్రమున స్కందుడు, శకుని, రేవతి, పూతన, నైగమేషుడు మొదలుగా తొమ్మిది బాలగ్రహములు చెప్పబడినవి. శకుని యనగా పక్షి. మన పక్షిదోషము ఆ పురాతన గ్రహమునకు పల్లెటూరి సంతానమని నాకు తోచుచున్నది. నిన్న పాలు త్రాగి నవ్విన పసికందు నేడు వాడి వత్తివలె చిక్కిపోవుటకు కారణమైన సూక్ష్మజీవుల ఉనికియే తెలియని కాలమున, ఆ కనబడని శత్రువునకొక రూపము కల్పించి, పేరుపెట్టి, శాంతిచేసి ఊరటపడినవారిని నిందించుట న్యాయము కాదు. వారు తమకు తెలిసినంతలో ఆలోచించిరి. మనకు అంతకంటె ఎక్కువ తెలిసినప్పటికిని, వారు నిలిచినచోటనే మనమును నిలిచియుండుట మాత్రము వారియెడల గౌరవమనిపించుకొనదు.

మనకు తెలిసినది ఎట్లు తెలిసినదో కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. 1950వ దశకపు ఆరంభమున అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున, నిద్రాశాస్త్రమున ప్రసిద్ధుడైన నతానియేల్ క్లైట్‌మన్ వద్ద యూజీన్ అసెరిన్‌స్కీ అను విద్యార్థి యుండెను. అతడు చేసినపని మన అమ్మమ్మలు కూడదన్న పనియే: నిద్రించు శిశువుల ప్రక్కన కూర్చుండి, మూసిన వారి కనురెప్పలను గంటల తరబడి చూచుట. చూడగా చూడగా, రెప్పల క్రింద కనుగ్రుడ్లు కొంతసేపు కదలుట, కొంతసేపు పూర్తిగా నిశ్చలమగుట, మరల కదలుట అతనికి గోచరించెను. పిదప పెద్దవారియందును నిద్రలో కనులు వేగముగా చలించు దశ కలదని గ్రహించి, 1953లో గురుశిష్యులిరువురును ఆ సంగతిని లోకమునకు వెల్లడించిరి. శిశువులలో ఈ నిద్రాచక్రము సుమారు 50 మొదలు 60 నిమిషములకు ఒకమారు తిరుగునని 1955లో ప్రకటించిరి. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో ఇంచుమించు సగము ఈ చలననేత్రపు నిద్రయే. ఆ దశయందు పెదవులు నవ్వును; నొసలు ముడుచుకొనును; చేతులు కాళ్లు ఉలికిపడును; ఊపిరి ఒకప్పుడు వడిగాను, ఒకప్పుడు మందముగాను నడచును. గాలి సోకినదనియు, దేవుడు ఆడించుచున్నాడనియు మనము చెప్పుకొన్న వింతలన్నియు పెరుగుచున్న మెదడు చేయుచున్న పనికి వెలుపలి గుర్తులు. ఉయ్యాలలో ఏబది నిమిషములు నిద్రించి కదలిన బిడ్డ రోగి కాడు, దిష్టి తగిలినవాడును కాడు. ఒక చక్రము ముగించి రెండవదాని వాకిట నిలిచినవాడు. వెంటనే చేతులలోనికి ఎత్తుకొనక ఒక్కక్షణము మౌనముగా నిరీక్షించినచో మరల నిద్రలోనికి జారుకొనుటయు కలదు.

ఇక ఎంత నిద్ర చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము, పగటినిద్రను కూడ కలుపుకొని రోజు మొత్తమునకు, మూడునెలల వరకు 14 మొదలు 17 గంటలు, నాలుగు మొదలు పదునొకండు నెలల వరకు 12 మొదలు 16 గంటలు, ఒకటి రెండేండ్ల వయస్సున 11 మొదలు 14 గంటలు, మూడు నాలుగేండ్ల వయస్సున 10 మొదలు 13 గంటలు నిద్ర యుండవలెను. తొలి రెండుమూడు నెలలు బిడ్డకు రేయింబవళ్ల భేదము తెలియదు. దేహములోని గడియారము అప్పటికింకను కుదురుకొనదు. ఆరునెలలు దాటునప్పటికి పగటినిద్ర రెండుమూడు విడతలుగా ఏర్పడును. ఏడాదిన్నర వయస్సునకు చాలమంది పిల్లలయందు అది మధ్యాహ్నము ఒక్క విడతకు తగ్గి, గంట మొదలు మూడుగంటల వరకు నుండును. మూడు మొదలు ఐదేండ్ల లోపల అదియు క్రమముగా తొలగిపోవును. నిద్ర వచ్చుటకు కారణమును 1982లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోర్బెయి రెండు శక్తుల కలయికగా వివరించెను: మేల్కొనియున్నంతసేపును లోలోపల పేరుకొనుచుండు నిద్రభారమొకటి, పగలు రాత్రులననుసరించి నడచు దేహపు గడియారమొకటి. పసివానియందు ఆ భారము మనకంటె త్వరగా నిండును. చిన్నకుండ త్వరగా నిండినట్లు. కావున పగలు నిద్రించు బిడ్డను మొద్దనుట, త్వరగా ఆకలిగొను బిడ్డను తిండిపోతనుటవంటిదే.

మన పెద్దల మాటలన్నియు త్రోసివేయదగినవని నేననుట లేదు. “పిల్లలు నిద్రలోనే పెరుగుతారు” అను మాట ప్రతి యింటను విన్నదే. నిద్రపట్టిన కొలదిసేపటికి, గాఢనిద్రయందు, పెరుగుదలకు తోడ్పడు హార్మోను రక్తములోనికి విశేషముగా విడుదలయగునని 1968లో తకహాషి మొదలగువారు పెద్దవారియందు పరీక్షించి నిరూపించిరి. ఆ ముసలమ్మల పరిశీలన వ్యర్థము కాదు. అట్లే, పగటినిద్ర కూడదను ఆక్షేపణకు శాస్త్రాధారము చూపువారును గలరు. ఉపనయనమైన వటువునకు పగలు నిద్రింపకుమని ఉపదేశము కలదనుట నిజము. కాని అది గురువునొద్ద చదువుకొను బ్రహ్మచారికి చెప్పిన నియమమేగాని పాలుత్రాగు పసివానికి చెప్పినది కాదు. గ్రీష్మమున తప్ప పగటినిద్ర సాధారణముగా తగదన్న చరకసంహితయే, వృద్ధులకును, దుర్బలులకును, బాలురకును సర్వకాలములయందును దానిని అనుమతించినది. ప్రాచీనుడు ఎరిగి విడిచిన మినహాయింపును ఆతని పేరుచెప్పుకొను ఆధునికుడు మరచిపోయెను.

సంధ్యవేళ పిల్లలను నిద్రపోనీయరాదను ఆచారము మరియొక రీతిది. ఇందు నియమమున కొంత నిజమున్నది, కారణమున లేదు. సాయంకాలము నిద్రించినచో పగలెల్ల పేరుకొన్న నిద్రభారము ఖర్చయిపోయి, రాత్రి నిద్ర ఆలస్యమగును. లక్ష్మీదేవి యింటినుండి వెడలిపోవుననుట దీనికి కారణము కాదు. నియమము మంచిదైనపుడు కారణము తప్పైననేమి యని కొందరడుగుదురు. కారణము తెలియనివానికి మినహాయింపు తెలియదు. జ్వరముతో సోలిపోయిన రెండేండ్ల బిడ్డను దీపము పెట్టు వేళయైనదని తట్టి లేపి కూర్చుండబెట్టిన యిల్లు నేనెరుగుదును. రాత్రినిద్రను కాపాడుటకు ఏర్పడిన నియమము ఆనాడు ఆ బిడ్డకు కావలసిన నిద్రనే హరించినది.

నిర్దోషమైన మూఢత్వమును సహింపవచ్చునేమో, కొన్నింటిని సహింపరాదు. జాజికాయ అరగదీసి పాలతో పట్టుట, మాటలు త్వరగా వచ్చునని వసకొమ్ము నాకించుట నేటికిని కలవు. జాజికాయ మోతాదు మించినచో విషము. వసలోని ఒక ద్రవ్యము హానికరమని తేలినందున అమెరికాలో 1968లో దానిని ఆహారపదార్థములలో నిషేధించిరి. తల గుండ్రముగా వచ్చునని పెట్టు ఆవాల దిండు మెత్తదనమువలననే ప్రమాదకరము. శిశువును వెల్లకిల, చదునైన గట్టిపడకపై, దిండు లేకుండ పండుకొనబెట్టవలెనని 1990వ దశకమున అమెరికాలో ప్రచారము చేసిన పిదప, నిద్రలో హఠాత్తుగా సంభవించు శిశుమరణములు సుమారు సగమునకు తగ్గినవి. ఒక అలవాటు మార్చినంతనే అన్ని ప్రాణములు నిలిచినవి. ఏ తాయెత్తునకును అట్టి లెక్క లేదు.

నల్లమందు కథ వీనికంటె దుఃఖకరమైనది. 20వ శతాబ్ది ఆరంభమున బొంబాయి మిల్లులలో పనిచేయు తల్లులు బాలాగోళీయను నల్లమందు ఉండలను బిడ్డలకు మ్రింగించి పనికి పోవుచుండిరి. అమెరికాలో బిడ్డలను ఊరడించుటకు మిసెస్ విన్స్‌లో పేరిట అమ్మిన పానకమునందు ఉన్నది మార్ఫీను. 1906 నాటి చట్టము వచ్చువరకు ఆ సంగతి సీసాపై వ్రాయవలసిన పనియే లేకపోయెను. ఈ తల్లులను అజ్ఞానులని తీసిపారవేయుట సులభము. కాని ఆ మిల్లుతల్లికి బిడ్డను చూచు మనిషి లేదు, పండుకొనబెట్టు చోటు లేదు. చూచు కన్ను లేనిచోట నల్లమందు వచ్చి కూర్చుండెను. ఏబదిమంది లేక అంతకెక్కువమంది పనిచేయుచోట శిశుసంరక్షణాలయము ఉండవలెనని మన దేశమున 2017లో చట్టము సవరించిరి. వరినాట్లకు పోవు కూలితల్లికి, గట్టున చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో నిద్రించు ఆమె బిడ్డకు, అట్టి నీడ యింకను రావలసియున్నది. మూఢనమ్మకమును ఖండించువాడు ఆ నీడకొరకును పోరాడకున్నచో అతని ఖండనము సగమే.

క్రొత్త మూఢత్వమును గూర్చియు ఒకమాట. గత శతాబ్ది ఆరంభమున న్యూజీలండులో ట్రూబీ కింగ్ అను వైద్యుడు పాలును నిద్రను గడియారమునకు కట్టివేయుమని బోధించెను. 1928లో జాన్ వాట్సన్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త బిడ్డలను ముద్దాడవలదని గ్రంథమే వ్రాసెను. వీరు శాస్త్రము పేరు చెప్పిరేగాని, వీరును తల్లి దృష్టిని బిడ్డనుండి మరల్చినవారే. నేడు చేతిఫోనులోని లెక్కలు చూచి, బిడ్డ రెండుగంటలకు బదులు గంటన్నరయే నిద్రించెనని కన్నీరుపెట్టుకొను యువతులు గలరు. ఒకటి రెండేండ్ల బిడ్డకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 11కును 14కును మధ్య మూడుగంటల ఎడమున్నది. అది పొరపాటు కాదు, పిల్లలందరు ఒక్క తీరున ఉండరని శాస్త్రము చేసిన ఒప్పుకోలు. లేచిన బిడ్డ ఉల్లాసముగా నున్నాడా, పాలు త్రాగుచున్నాడా, ఆడుచున్నాడా, ఎదుగుచున్నాడా? ఈ ప్రశ్నలకు ఉత్తరము పంచాంగమున లేదు, గడియారమున లేదు, బిడ్డయందే కలదు.

ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా, సరస్వతీ గోరా దంపతులు నమ్మకములను వాదముతో మాత్రమే కాక ఆచరణతోను పరీక్షించిరి. గర్భవతి గ్రహణము చూడరాదన్నచో, సరస్వతీ గోరా గర్భవతియై చూచిరి. మన యింటి ఉయ్యాలకును ఆ ధైర్యమే చాలును: ఖాళీగా ఊపి చూడుడు, కడుపునొప్పి వచ్చునో రాదో లెక్క వ్రాసికొనుడు.

ఆ మధ్యాహ్నపు ఉయ్యాలకడకు మరల వత్తును. అమ్మమ్మగారూ, ఆ తల్లిని చూడనిండు. చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డము రొమ్మునకు ఆనినచో ఊపిరి అడ్డుపడగలదు. చూచువారికే అది తెలియును, బిడ్డను తీసి చదునైన పడకపై వేయుదురు. రెండునెలల లోపు బిడ్డ ప్రశాంతముగా నున్నపుడు నిమిషమునకు 60 లేక అంతకెక్కువ మారులు, రెండునెలలు నిండిన ఏడాదిలోపు బిడ్డ 50 లేక అంతకెక్కువ మారులు ఊపిరి పీల్చుచున్నచో, అది వైద్యునివద్దకు పరుగెత్తవలసిన గుర్తు. లేపినను లేవక, పాలు పట్టక మగతగా పడియుండుటయు అట్టిదే. ఆ గుర్తులు కనబడిన ఘడియలో మిరపకాయలు తిప్పుచు గడపిన ప్రతి నిమిషమును బిడ్డ ఆయువునుండి తీసినట్టిదే. తల్లి కంట విషము లేదు. ఆ ఎగసిపడు చిన్నరొమ్మును ఆమె పూర్తిగా ఒక్క నిమిషము లెక్కించుచు చూడవలెను. మీరును వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండి చూడుడు.