చేప తేలితే నింద కోళ్ల ఫారం మీదేనా?

తెల్లవారేసరికి చెరువులో చేప తేలితే ఏ రైతుకైనా కాళ్లూ చేతులూ ఆడవు. అప్పు తెచ్చి వేసిన పంట అది. ఆ కంగారులో కళ్లు ముందుగా వెతికేది కారణాన్ని కాదు, కారకుణ్ణి. గట్టు అవతల కోళ్ల ఫారమో, గేదెల పాకో ఉందంటే ఇక వెతకక్కర్లేదు. "వాళ్ల పెంట నీళ్లే నా చెరువును చంపాయి" అన్న మాట వచ్చేస్తుంది. ఆ మాట పెద్దమనుషుల దగ్గరకు, అక్కణ్ణించి పోలీసు స్టేషనుకు, ఆపైన కోర్టుకు నడుస్తుంది. ఫారం రైతు మాత్రం ఊరుకుంటాడా? "నీ చెరువులో నువ్వు ట్రాక్టర్ల కొద్దీ కోళ్ల ఎరువు దిమ్మరించలేదా?" అని ఎదురు తిరుగుతాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉండొచ్చు. ఎవరి మాటలో ఎంత నిజం ఉందో తేల్చేవాడే ఉండడు.

మన గోదావరి జిల్లాల్లో ఒకవైపు తణుకు, అనపర్తి చుట్టుపక్కల కోళ్ల ఫారాలు, మరోవైపు భీమవరం, ఉండి, ఆకివీడు, అటు కైకలూరు దాకా చేపల చెరువులు. రెండూ మన రైతుల బతుకుతెరువులే. ఒకదాని మీద ఒకటి కత్తి కట్టుకుంటే బాగుపడేది వకీళ్లు తప్ప రైతులు కాదు. అందుకే ముందు పరీక్ష, తరువాతే పంచాయితీ అంటాను. అయితే ఆ పరీక్ష భారమంతా నష్టపోయిన చెరువు రైతు నెత్తిన వేయడం న్యాయం కాదని కూడా అంటాను. పెంట ఎవరి షెడ్డులో పుడుతుందో, అది ఎక్కడికి పోతోందో చూపించే బాధ్యత వారిదే.

పెంట ఎంత? అందులో ఏముంది?

గుడ్లు పెట్టే కోడి ఒకటి రోజుకు సుమారు 100 గ్రాముల పచ్చి పెంట వేస్తుంది. 10,000 కోళ్లున్న షెడ్డులో అది రోజుకు టన్ను. పచ్చి పెంటలో నత్రజని నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు ఉంటుంది. ఒకటిన్నర లెక్కన టన్నుకు 15 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలో ముప్పావు బస్తాకు సమానమైన నత్రజని, ఏ రోజుకా రోజు, ఆ షెడ్డు కింద పోగుపడుతోందన్నమాట. భాస్వరం దీనికి అదనం. చేలో వేస్తే బంగారం. చెరువులో కొద్దిగా పడితే చేపకు మేతయ్యే పచ్చదనం. మోతాదు మించి పడిందా, అదే విషం.

ఎలాగో చూడండి. నత్రజని, భాస్వరం ఎక్కువైతే నీళ్లలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండలో ఆ నాచే ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును పీల్చేసుకుంటుంది. అందుకే చెరువులో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేప సుఖంగా ఉంటుంది. 3 కంటే తగ్గితే ఉక్కిరిబిక్కిరవుతుంది. 1 కంటే దిగితే చావులు మొదలు.

రెండోది అమ్మోనియా. నీటి పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో చేపను చంపే రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. మన వేడిలో, మధ్యాహ్నం పీహెచ్ 9కి చేరితే అదే నూటికి నలభై పాళ్లు దాటుతుంది. అంటే పొద్దున బాగున్న నీళ్లు మధ్యాహ్నానికి విషం కావచ్చు. కాబట్టి "పరీక్ష చేయించాను, అమ్మోనియా ఇంత వచ్చింది" అంటే చాలదు. ఏ వేళ పట్టిన నీళ్లు, అప్పుడు పీహెచ్ ఎంత, వేడి ఎంత అన్నది కూడా చెప్పాలి.

వాన రోజే అసలు చిక్కు

ఈ తగవులు ఎక్కువగా ముసురు రోజుల్లోనే ఎందుకు పుడతాయి? ముసురు పట్టినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఫారం దగ్గర పెంట తడిసి, వాన నీళ్లతో బోదెలోకి కొట్టుకొస్తుంది. అదే సమయంలో ఎండ లేక చెరువులో నాచు ప్రాణవాయువు తయారు చేయలేకపోతుంది. కొన్నిసార్లు నాచు ఒక్కసారిగా చచ్చి, కుళ్లి, ఉన్న ప్రాణవాయువును కూడా తినేస్తుంది. చేప తేలుతుంది. బోదెలో నల్లటి నీళ్లు కనబడుతున్నాయి కాబట్టి నేరం బోదె మీదకు పోతుంది. అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు.

ఇక్కడ కొన్ని గుర్తులు పనికొస్తాయి. ప్రాణవాయువు తగ్గి చచ్చేటప్పుడు సాధారణంగా పెద్ద చేప ముందు పోతుంది. తెల్లవారుజామున చెరువంతా నోళ్లు తెరుచుకుని పైకి వస్తుంది. ఏదైనా విషం పడితే చిన్న చేప ముందు పోవడం, వేళాపాళా లేకుండా చావడం కనబడతాయి. చావులు ఒక మూల నుంచి, అదీ బోదె కలిసే మూల నుంచి మొదలైతే ఆ బోదెను అనుమానించాల్సిందే. చుట్టుపక్కల ఏ ఫారమూ లేని చెరువుల్లో కూడా ఆ రోజే చేప తేలిందేమో కనుక్కోండి. తేలితే ముసురుదే ముఖ్యమైన పాత్ర అనుకోవచ్చు.

అయితే ఒక్క మాట. తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయి చేప చచ్చిందని తేలినంత మాత్రాన ఫారం రైతు నిర్దోషి అయిపోడు. చేప ఎలా చచ్చిందో అది చెబుతుంది గానీ, ఆ నాచును మేపిందెవరో చెప్పదు. నాచును మేపింది నెలల తరబడి బోదెలోంచి ఊరిన పెంట నీళ్లా? చెరువు రైతు తానే వేసిన కోళ్ల ఎరువూ, తినగా మిగిలిపోయిన తవుడూ చెక్కానా? ఇది తేలాలంటే లెక్కలు కావాలి. ఎరువు ఎప్పుడు ఎంత వేశారు, మేత రోజుకు ఎన్ని బస్తాలు, నీళ్లు ఎప్పుడు మార్చారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకున్న చెరువు రైతు మాటకు బలం ఉంటుంది. నోటి లెక్కకు ఎవరూ విలువివ్వరు. కోడి పేగులు, తలకాయల వంటి వ్యర్థాలు చెరువులో మేతగా వేసేవారైతే అసలు నోరు విప్పే అర్హతే లేదు. దానిపై మన రాష్ట్రంలో నిషేధం ఉంది.

గొడుగేసుకుని గట్టు మీద నడవండి

లేబొరేటరీకి పోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఖర్చు లేనిది. గట్టి వాన కురుస్తుండగా ఫారం నుంచి చెరువు దాకా నీళ్లు ఎటు పారుతున్నాయో నడిచి చూడండి. వీలైతే ఇద్దరు రైతులూ కలిసి నడవండి. షెడ్డు చూరు నీళ్లు పెంట మీద పడుతున్నాయా? పెంట గుట్ట చుట్టూ కట్ట ఉందా? షెడ్డు కడిగిన నీళ్లు ఏ గుంటలోకి పోతున్నాయి? ఆ గుంట పొర్లితే ఎటు? చచ్చిన కోళ్లను ఎక్కడ పూడుస్తున్నారు? చెరువు గట్టుకు ఎండ్రకాయ బొరియలున్నాయా? తూము సందుల్లోంచి బోదె నీళ్లు లోపలికి ఊరుతున్నాయా? పల్లం ఫారం వైపే ఉందనుకోండి, నీళ్లు పైకి ఎక్కి రావు కదా! సగం తగవులు ఈ నడకతోనే తెగుతాయి.

అదే బోదెలో ఇంకా ఏమేం కలుస్తున్నాయో కూడా చూడాలి. ఊరి మురుగు, గేదెలు పడుకునే మడుగు, బాతుల మంద, పై చేలల్లోంచి వచ్చే ఎరువు నీళ్లు... ఇవన్నీ ఒకే కాలువలో వస్తుంటే కోళ్ల ఫారం ఒక్కదాన్నీ వేలెత్తి చూపడం కుదరదు. నీళ్లలో ఇ.కోలి క్రిములు కనబడ్డాయంటే వెచ్చని రక్తం ఉన్న ఏదో ప్రాణి మలం కలిసిందని అర్థం. అది కోడిదో, గేదెదో, మనిషిదో మామూలు పరీక్ష చెప్పలేదు.

సీసాలో నీళ్లు పట్టడానికీ పద్ధతుంది

చెరువులో ఒక్కచోట ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లడం వల్ల ఉపయోగం లేదు. అది చెరువులో ఏముందో చెబుతుంది గానీ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. ఒకే రోజు కనీసం నాలుగు చోట్ల పట్టాలి. ఫారానికి ఎగువన బోదెలో ఒకటి, ఫారం నీళ్లు కలిసిన తర్వాత దిగువన ఒకటి, చెరువులో బోదె వైపు మూలన ఒకటి, అవతలి మూలన ఒకటి. ఎగువన శుభ్రంగా ఉండి దిగువన అమ్మోనియా, భాస్వరం ఒక్కసారిగా పెరిగితే మధ్యలో ఉన్నదే కారణం. ఎగువా దిగువా ఒకేలా ఉంటే ఫారాన్ని వదిలి పైకి వెతకాలి. వాన ముందొకసారి, వాన పడిన వెంటనే మరోసారి పడితే ఇంకా మేలు.

అడుగు లోతులో, శుభ్రమైన సీసాతో పట్టాలి. క్రిముల పరీక్షకైతే లేబొరేటరీవారు ఇచ్చిన సీసానే వాడాలి. సీసా మీద తేదీ, వేళ, చోటు రాసి, ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి. ప్రాణవాయువును మాత్రం చెరువు దగ్గరే మీటరుతో చూడాలి. మామూలుగా సీసాలో పట్టుకెళితే దారిలోనే లెక్క మారిపోతుంది. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, ఉండిలోని మత్స్య పరిశోధన స్థానం వంటివి మనకు దగ్గర్లోనే ఉన్నాయి. మండలంలోని మత్స్యశాఖ ఉద్యోగిని వెంట పెట్టుకుని వెళ్లండి.

అది చేపల చెరువు కాక ఊరి మంచినీటి చెరువైతే విషయం మరీ గంభీరం. చేప చావకపోయినా మనిషికి జబ్బు చేస్తుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలి కూడా కనబడకూడదని మన దేశ ప్రమాణం. అక్కడ తేలేదాకా ఆగడం కాదు, ఆ క్షణమే నీళ్లు వాడడం మాని పంచాయతీకి చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం తెలిసి తెలిసి కలుషితాన్ని కాలువలోకో, బావిలోకో వదలడం నిషిద్ధం. మనిషి తవ్విన నీటి వనరు కూడా ఇందులోకి వస్తుంది. ఒకప్పుడు లక్ష కోళ్లు దాటిన ఫారాలనే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి అడిగేవారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020లో కలుగజేసుకున్నాక, 2021లో సవరించిన మార్గదర్శకాలు 5,000 కోళ్లు దాటిన ఫారాలను కూడా ఈ పరిధిలోకి తెచ్చాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మనం స్వయంగా పట్టించిన సీసా నిజం తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ, ఆ చట్టం కింద శిక్ష వేయించడానికి చాలదు. మండలి అధికారి ఫారం యజమానికి నోటీసు ఇచ్చి, ఆయన ఎదుటే నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేస్తేనే అది సాక్ష్యం. అందుకే చేప తేలిన రోజే ఫోటోలు తీసి, మండలికీ, మత్స్యశాఖకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు పుచ్చుకోండి. నాలుగు వానలు పడ్డాక అధికారి వచ్చి చూసేదేముంటుంది? దుర్గంధం, అనారోగ్యం విషయమైతే ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. నష్టపరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి అయిదేళ్ల గడువుంది. కానీ ఇవన్నీ ఆఖరి మెట్లు. మొదటి మెట్టు కాదు.

ఫారం రైతులకూ ఓ మాట

"మాది పాతికేళ్ల ఫారం, చెరువు మొన్న తవ్వారు" అనే వాదన మీ దగ్గర ఉండొచ్చు. ముందు వచ్చినంత మాత్రాన పెంట వదిలే హక్కు రాదు. గేటు మూసేసుకుని "లోపలికి రానివ్వం" అంటే ఊరంతా అనుమానించడం ఖాయం. కోళ్లకు రోగం తగులుతుందన్న భయం నిజమే. షెడ్డులోకి రానివ్వకండి. పెంట గుట్టా, మురుగు గుంటా మాత్రం చూపించండి.

చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. చూరు నీళ్లు పెంట మీద పడకుండా మళ్లించండి. కారుతున్న నీటి గొట్టాలు బాగు చేయించండి, తడి పెంటే సగం గొడవలకు మూలం. తొలకరికి ముందే పెంట ఎత్తించి ఆయిల్ పామ్, కొబ్బరి తోటలకు పంపండి. మిగిలింది గట్టి నేల మీద గుట్ట పోసి, చుట్టూ కట్ట వేసి, పైన పట్టా కప్పండి. ఎవరికి ఎన్ని ట్రాక్టర్లు అమ్మారో రాసుకోండి. రేపు తగవు వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే.

పంచాయతీలు కూడా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మానాలి. ఫారాలూ చెరువులూ పక్కపక్కనే ఉన్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ వానల్లోనూ, బోదె నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. ఖర్చు ఫారాలూ చెరువులూ చెరిసగం భరించాలి. చచ్చిన చేప ముందు కూర్చుని అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. చేప బతికుండగా పట్టిన నీళ్ల లెక్క చేతిలో ఉంటే ఆ జవాబు సులువు.

మీ గట్టు పక్కన ఫారం ఉన్నా, మీ ఫారం పక్కన చెరువు ఉన్నా, ఈ వానాకాలం రాకముందే ఒకసారి పక్క రైతుతో కలిసి ఆ బోదె వెంట నడవండి. తగవు వచ్చాక కలిసి నడిచేవాళ్లు అరుదు.